డబ్ల్యూ అరవై ఏడు

ఒరే గుంటడా, ఫోన్లో అడిగావు కదా
"వెల్డింగ్ నేర్చుకుంటే ఎంతొస్తాది మావా?" అని.
అప్పుడు చెప్పలేకపోయాను.
సైటు బస్సు కదిలిపోతోంది,
చుట్టూ అందరూ నిద్ర,
హెల్మెట్లు పసిపిల్లల్లా ఒళ్ళో పెట్టుకుని.

ఇవాళ శుక్రవారం. జుబైల్లో గాలి
తడిగుడ్డలా మొహానికి అంటుకుంటోంది.
చొక్కా ఉతికి ఆరేశాను, నిండా నిప్పురవ్వల కన్నాలు,
వాటిలోంచి రిఫైనరీ మంట కనబడతాది.
ఇప్పుడు చెప్తాను, విను.

సోంపేట షెడ్డులో మూడు నెలలకి అరవై వేలడుగుతారు.
మొదటి నెల రాడ్డు రేకుకి అతుక్కుపోవడమే నీ చదువు.
రెండో నెల ఒక రాత్రి కళ్ళలో ఇసక పోసి రుబ్బినట్టుంటాది,
బంగాళాదుంప చెక్కలు రెప్పలమీదేసుకుని తెల్లారగడతావు.
తర్వాతెప్పుడో చెవికి తెలుస్తాది,
సన్న సెగన కారప్పూస వేగినట్టు
ఒక చప్పుడు.
అది తప్పిందంటే అతుకు తప్పినట్టే.
దాన్ని ఏ షెడ్డూ నేర్పదు.
నాకు కూర్మారావు నేర్పాడు, మణికట్టు మీద కొట్టి.

ఇక్కడ టెస్టు పెడతారు.
పైపుని వాలుగా బిగించేసి
"దాన్ని తిప్పకు, నువ్వే తిరుగు" అంటారు.
మోకాళ్ళమీద, వెల్లకిలా, చెంప ఇసకకి ఆనించి
తిరుగుతావు.
కరిగే చోట తాళంకన్నమంత వెలుగు తెరుచుకుంటాది,
అది మూసుకోకూడదు, పెద్దదీ కాకూడదు,
చుట్టూ నడిపించుకుని రావాలి.
ఊపిరి తీస్తే చెయ్యి కదుల్తాది.
నాను ఊపిరి ఆపిన నిముషాలన్నీ కూడితే
ఎన్ని నెలలవుతాయో,
వాటికి ఓవర్‌టైం రాయరు.

మొదటి అతుకుని రూట్ అంటారు. వేరే అది.
పైన పొరలు కప్పేశాక ఎవరికీ కనబడదు,
రాత్రిపూట వచ్చే ఎక్స్‌రే వాళ్ళకి తప్ప.
బెన్నీ సార్ ఫిల్ముని దీపానికెత్తి పట్టి
"డబ్ల్యూ అరవై ఏడు ఎవడ్రా?" అన్నాడు.
"నానే సార్."
"గుడ్."
ఆ గుడ్డుని జేబులో వేసుకుని రూముకొచ్చాను,
కూరలోకి పనికిరాలేదు.

నా వీసామీద హెల్పర్ అని ఉందిరా.
"అక్కడికెళ్ళాక మార్చేస్తార్లే" అన్నాడు ఏజెంటు,
లక్షా ముప్పై వేలు లెక్కపెట్టుకుంటూ.
నాకు పదకొండు వందల రియాళ్ళు.
పక్కన రోమెల్‌కి మూడు వేల రెండొందలు.
మంచోడే. నాకన్నా గొప్పోడు కాదు, తక్కువోడూ కాదు.
ఒకే పైపు, ఆ సగం వాడు, ఈ సగం నాను.
లోపల పారే నూనెకి తేడా తెలీదు.

అక్క పలాసలో జీడిపిక్కలు కొట్టేది.
వేళ్ళు జీడికి కాలి నల్లబడిపోయేవి.
తూకం దొంగతూకమని రోజూ తిట్టేది కానీ
అక్కడైనా
గుండు పప్పుని గుండనే అన్నారు, బద్దని బద్దన్నారు.

మొన్న ఆఫీసుకెళ్ళి కాగితం మార్చమన్నాను.
"అయితే హెల్పర్ పనే చేసుకో" అన్నారు.
సరే అన్నాను.
మర్నాడు కేబుళ్ళు చుట్టాను, గ్రైండరు అందించాను,
పని తక్కువై చేతులు దురదపెట్టాయి.
పదకొండింటికి గోడవారగా ఒక జాయింటు,
తల దూరని సందు.
ఇద్దరు చేశారు, ఇద్దరిదీ కోసేశారు.
బెన్నీ సార్ నాతో ఏటీ అన్లేదు.
టార్చి తెచ్చి నా పక్కన పెట్టి టీకి వెళ్ళిపోయాడు.

చూస్తూ కూర్చున్నాను.
చెయ్యకూడదు, చెయ్యకూడదు అనుకుంటూనే
గెడ్డం గీసుకునే అద్దం సందులో నిలబెట్టి
అందులో చూస్తూ, కుడి ఎడమై, ఎడమ కుడై,
పూర్తి చేశాను.
ఆ రాత్రి ఫిల్ములో మచ్చ లేదు.
నా మీద నాకే కోపం, గర్వం కూడా,
ఏది ఎక్కువో ఇంకా తేల్లేదు.

నువ్వడిగింది ఎంతొస్తాదని కదా.
పని వస్తాదిరా. ఆ మాట నాదీ.
డబ్బు కట్టేముందు మాత్రం
వీసామీద ఏటి రాశారో కూడబలుక్కుని చదువు,
అరబ్బీ అయితే చదివినోడి చేత చదివించు.

రోమెల్ ఇంకో కంపెనీ ఫారం తెచ్చిచ్చాడు.
పేరు రాశాను, పని దగ్గర ఆగాను,
వెల్డర్ అని రాశాను.

అద్దం ఆ సందులోనే ఉండిపోయింది.
రేపు తెచ్చుకోవాలి,
గెడ్డం పెరిగిపోయింది.